నీళ్ళు ముట్టని ఒక్కపొద్దు

ఆ ఏడు రంజాను నెలా, ఈస్టరు ముందర వచ్చే మా శ్రమల దినాలూ ఒకే వారంలో మొదలయ్యాయి. అట్లా ఎప్పుడో గాని కలవవు. చేలల్లో శనగ పీకుడు నడుస్తోంది. ఎండ అప్పటికే ముదిరింది. ఊళ్ళో రెండు వీధులు ఒక్కపొద్దులో ఉన్నాయి. ఒకటి సాయిబులది, ఒకటి మా క్రైస్తవులది. తక్కిన ఊరంతా మా ఇద్దరినీ చూస్తూ ఉంది.

దేవేంద్రప్ప టీ అంగడి బస్సు ఆగే చోట ఉంటుంది. ఆ పొద్దు బల్ల మీద కూర్చున్నవాళ్ళలో సగంమంది మా చర్చి సంఘంవాళ్ళే. సాయిబు ఒక్కడూ లేడు. నేను గ్లాసు అందుకున్నాను.

"ఏమప్పా ఏసన్నా, నీది కూడా ఒక్కపొద్దే కదా?" అన్నాడు దేవేంద్రప్ప.

"ఔ."

"మరి టీ?"

"టీకి ఏమైతాది. అన్నం ముట్టం, అంతే."

"మాకేం తెల్దులేప్పా. సాయిబులు ఉమ్మి కూడా మింగరంట. మీ దేవుడు కొంచెం మెత్తనోడు మాదిరుండాడు."

"మెత్తని దేవుడైతే నేనూ కలుస్తా, పేరు రాసుకోండప్పా" అన్నాడు పక్కనున్న చిన్న ఈరన్న.

అంగడంతా నవ్వింది. మావాళ్ళు కూడా నవ్వారు. నేను గ్లాసు సగంలోనే పెట్టి లేచి వచ్చాను.

నా భార్య మార్తమ్మ రొమ్ములో గడ్డతో మంచాన పడిన ఏడు, ఆమె కోసమని శ్రమల దినాలన్నీ ఒక్కపొద్దు ఉన్నాను. రోజూ అదే అంగట్లో టీ తాగాను. ఈస్టరు ఇంకో వారం ఉందనగా, మట్టలాదివారం నాడు ఆమె పోయింది. దేవుని చిత్తం అన్నాడు మా చర్చి అయ్యగారు. నేను ఒప్పుకోలేదు. టీ తాగుతూ ఉన్న ఒక్కపొద్దును దేవుడెందుకు లెక్కపెడతాడని ఒక పురుగు అప్పటి నుంచి నన్ను లోపల తొలుస్తూనే ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దేవేంద్రప్ప తనకు తెలియకుండానే వేలు సరిగ్గా అక్కడ పెట్టాడు.

ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చదివేది సంఘపెద్దనైన నేనే. చదివి, కూర్చోకుండా ఇంకో మాట అన్నాను.

"రేపటి నుంచి నా ఇంట్లో పొద్దున లేచింది మొదలు సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా నీళ్ళు కూడా ముట్టం. సాయిబులకుండే రోషం మనకు లేకపోతే సిగ్గు."

ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక వరసలో ఎవరో దగ్గారు. అయ్యగారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఉపవాసం మొహంలో కనపడగూడదని కదా ఏసన్నా ప్రభువు చెప్పింది. పందెం పెట్టుకుంటే ఎట్ల?"

"పందెం కాదయ్యగారూ."

"ఇంట్లో జీవిత ఉండాది. ఏడో నెల."

"నా ఇంటి సంగతి నాకిడిసిపెట్టండి" అన్నాను.

జీవిత నా ఒక్కగానొక్క కూతురు. అల్లుడు నతానియేలు ఇజ్రాయేలు దేశంలో ఒక యూదుల ముసలాయనను చూసుకునే పనిలో ఉన్నాడు. సెలవుకు వచ్చి, కొన్నాళ్ళుండి పోయాడు. తొలిచూలు కాబట్టి పిల్ల పుట్టింటికి వచ్చింది. తల్లి లేని పుట్టిల్లు.

మా ఇంటికీ ఖాసిం సాహెబ్ ఇంటికీ మధ్య నాపబండలు నిలువునా పాతిన గోడ ఉంది. ఆడవాళ్ళు అటూ ఇటూ తిరగడానికి మార్తమ్మ ఉన్నప్పుడే అందులో ఒక బండ తీయించింది. సాహెబ్ ఆటోలకు, ట్రాక్టర్లకు సీట్లు కుడతాడు. ఆయన కొడుకు రెహమాన్ ఆటో తోలతాడు. సాహెబ్ భార్య జులేఖా బీ నన్ను అన్నా అంటుంది. అందుకని జీవితకు ఆమె అత్త.

సోమవారం తెల్లవారుజామున కుండలో నీళ్ళు బొప్పాయి చెట్టుకు పోసి, కుండ బోర్లించాను. జీవిత గడపలో నిలబడి చూసింది.

"నాయినా, నేను కూడానా?"

వద్దులేమ్మా అంటే అయిపోయేది. కాని చర్చిలో నా ఇల్లు అని చెప్పి వచ్చాను. ఇంట్లో ఉన్నది ఇద్దరం.

"మీ ఆయన యాడుండాడో ఎరికే కదా. దినామూ బాంబుల సైరన్లంట. ఆ పిల్లోడు చక్కగా తిరిగి రావాల్నని లేదా నీకు?"

జీవిత ప్రార్థనకని తల మీద కొంగు వేసుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక నతానియేలు ఫోను చేశాడు. ఖాసిం సాహెబ్ ఖర్జూరాల పొట్లం తీసుకుని బండ సందులోంచి వచ్చి, అరుగు మీద కూర్చున్నాడు. జీవిత ఫోనును గోడకు ఆనించి పెట్టింది. వీల్‌చెయిర్‌లో ఒక ముసలాయన కూడా కనిపించాడు. పండ్లు లేని నోటితో మాకు చెయ్యి ఊపాడు.

"ఆయప్ప పేరేంది అల్లుడూ?" అన్నాడు సాహెబ్.

"అవ్రహాం, మామా."

"మా ఇబ్రహీమే. మీ అబ్రహామే. ఒక్క పేరు మూడిండ్లల్లో తిరుగుతాంది చూడు. యాడా బాడుగ కట్టినట్లు లేదు."

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఒక్కపొద్దుల మాట వచ్చింది. నతానియేలుకు చెప్పడమంటే సరదా.

"వీళ్ళకు ఏడాదికొక పెద్ద ఒక్కపొద్దు ఉంటాది మామా. పొద్దు మునిగింది మొదలు మర్నాడు చుక్కలు పొడిసేదాకా నీళ్ళు ముట్టరు. చెప్పులు కూడా తోలువి ఏసుకోరు. మా ముసలాయనకేమో గుండె జబ్బు. వాళ్ళ గురువు ఇంటికొచ్చి, తాగడమే నీకు దేవుడిచ్చిన కట్టడ అని చెప్పి పోయె. చిన్న గ్లాసుతో కొలిసి కొలిసి నేనే తాపినా. తాగుతా ఏడ్సినాడు."

"ఏంటికి ఏడ్సేది?" అన్నాడు సాహెబ్.

"తాగాల్సి వచ్చె కదా అని. అయినా తాగినాడు. ప్రాణం మీదికొస్తే తక్కిన కట్టడలన్నీ పక్కకు జరగాల్నంట."

"మాకూ అంతే" అన్నాడు సాహెబ్. అని జీవిత వైపు చూశాడు.

చర్చిలో నేనన్న మాట ఊరంతా పాకి ఉంటుంది. నాకు అర్థమైంది.

"వాళ్ళు ఏసును ఒప్పుకోనోళ్ళు. వాళ్ళ కట్టడ మనకేంటికి" అన్నాను.

అప్పుడే జీవిత మొగుడికి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నా వైపు చూసింది. నేను ఫోను వైపు చూశాను. సాహెబ్ ఖర్జూరాలు పిల్ల ముందర పెట్టి లేచిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళు బాగానే గడిచాయనుకున్నాను. శనగ చెట్టు మీది పులుపు చేతులను కొరుకుతుంది, మంచు ఆరకముందే పీకాలి. తెల్లవారుజామునే చేనికి పోయేవాణ్ణి. ఎండెక్కేసరికి నాలుక అట్టలా అయ్యేది. కూలివాళ్ళు నీళ్ళ క్యాను ఎత్తి గటగటా తాగుతుంటే చూసి మొహం తిప్పుకునేవాణ్ణి. అందులో గర్వం కూడా ఉండేది. చెప్పకపోతే అబద్ధమవుతుంది. దేవేంద్రప్ప అంగడి ముందర నిదానంగా నడిచేవాణ్ణి.

ఒక రోజు చేనులో కళ్ళు తిరిగాయి. గట్టు మీద కూర్చుని, తేరుకుని, మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల జీవిత లేదు. గోడ అవతల నుంచి పళ్ళెం చప్పుడు వినిపించింది.

సందులోంచి వాళ్ళ వంటింటి తలుపు దగ్గరకు పోయాను. చాప మీద జీవిత కూర్చుని ఉంది. ముందర అన్నం, పప్పు. పక్కన నీళ్ళ చెంబు. జులేఖా బీ గరిటె పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి.

"ఉప్పు సరిపాయెనా చూడు తల్లీ. నేను నోట్లో ఏసుకునేదానికి లేదు" అంటోంది.

"కొంచెం తక్కువాయె అత్తా" అంది జీవిత. జులేఖా బీ లేచి ఉప్పు డబ్బా తెచ్చింది.

ఎదురుగా గోడకు ఆనుకుని ఖాసిం సాహెబ్ ముద్ద కలుపుతున్నాడు. మిట్టమధ్యాహ్నం, రంజాను నెలలో.

"సాహెబ్, నువ్వు కూడానా?" అన్నాను.

ఆయన కంగారుపడలేదు. ముద్ద మింగి చెప్పాడు.

"షుగరప్పా. నేను ఒక్కపొద్దు ఇడిసి ఏండ్లాయె. మౌల్వీ సాబునడిగినా, డాక్టరునడిగినా. ఇద్దరిదీ ఒకే మాట. నా బదులు ఒక పేదోనికి అన్నం పెడతాండాం."

"ఎప్పుడూ చెప్పకపోతివే."

"నువ్వు అడగలే. దాసుకునేదేం లేదు. ఒక్కపొద్దున్నోళ్ళ ముందర తినేది మర్యాద కాదని లోపల తింటా."

నేను ఏ సాయిబు రోషం చూసి చర్చిలో లేచి నిలబడ్డానో ఆ సాయిబు నా ముందర పప్పన్నం తింటున్నాడు. ఆ ముగ్గురిలో ఒక్కపొద్దులో ఉన్నది జులేఖా బీ ఒక్కతే. ఆమె వండి పెడుతోంది.

"లే, జీవితా" అన్నాను.

"ఇంకో రెండు ముద్దలుండాయి నాయినా."

తల ఎత్తలేదు. తినడమూ ఆపలేదు.

"కడుపుతో ఉన్నోళ్ళకు మాలో కూడా లేదన్నా" అంది జులేఖా బీ. "తర్వాత తీర్సుకుంటారు. కోపముంటే నన్ననుకో. మీ అల్లుని కోసరం నేను దినామూ దువా చేస్తాండా. దానికి ఈ పిల్ల ఎండాల్సిన పన్లేదు."

"నా కూతురికి అన్నం పెట్టేదానికి నేను సచ్చినానా?"

"పెట్టు మరి అన్నా" అంది మెల్లగా.

ఇంటికి పోయి పొయ్యి వెలిగించి, గిన్నెడు అన్నం వండి ఉంటే సరిపోయేది. ఆ సాయంత్రం గడ్డపార తీసుకుని, మార్తమ్మ తీయించిన సందులో మళ్ళీ బండ పాతాను. మన్ను కూరి, కాలితో తొక్కాను. జీవిత గడపలో కూర్చుని చూసింది. ఆ తర్వాత నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. నీళ్ళు కూడా అడగలేదు. అడిగితే ఇచ్చి ఉండేవాడినేమోనని ఇప్పుడు అనుకోవడం సులభం.

శనగ కుప్పను ట్రాక్టరుకెత్తే రోజు సాహెబ్ ఫోను చేశాడు.

"ఏసన్నా, ఇంటికి పోవాకు. నేరుగా కర్నూలుకు రా. జీవితను తీసుకొచ్చినాం." నర్సింగ్‌హోము గుర్తులు చెప్పాడు.

పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయిందట. బకెట్టు దొర్లిన చప్పుడు గోడ అవతల జులేఖా బీ విన్నది. పిలిస్తే పలకలేదు. రెహమాన్ కాలితో తన్ని బండ పడగొట్టి, పిల్లను ఎత్తుకుని ఆటోలో వేశాడు. నేను పక్క చేని హనుమేష్ బండి వెనక కూర్చుని పోయాను. దారి పొడుగునా అతను ఏదో అడుగుతూనే ఉన్నాడు. ఏమడిగాడో గుర్తు లేదు.

నేను పోయేసరికి డాక్టరమ్మ గదిలోంచి బయటికి వస్తోంది. చిన్న వయసు. కోపంగా ఉంది.

"ఈ అమ్మాయితో ఎవరున్నారు?"

నేను నోరు తెరిచేలోపల జులేఖా బీ ముందుకు పోయింది. నల్ల బురఖా, పగిలిన పెదాలు.

"నేనే తల్లీ."

"నాలుక చూశారా ఎట్లా ఎండిపోయిందో? నీళ్ళు తాగక ఎన్నాళ్ళయింది? నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. మీ ఉపవాసాలు మీరు చేసుకోండి. కడుపుతో ఉన్న పిల్ల చేత కూడా చేయించాలా? లోపలున్న బిడ్డ మీకేం పాపం చేసింది? మీవాళ్ళకు ఎంత చెప్పినా ఇంతే."

వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. బెంచీ మీది ముసలమ్మ ఒకామె 'ఔ, వీళ్ళంతే' అంది. ఖాసిం సాహెబ్ ఏదో అనబోయాడు. జులేఖా బీ ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

"తప్పాయె తల్లీ. నువ్వు ముందు బిడ్డను చూడు" అంది.

నేను ఆమె పక్కనే ఉన్నాను. మూరెడు దూరం లేదు. నా మెడలో శిలువ ఉంది. 'నేను' అంటే చాలు, ఇంకేం అక్కరలేదు. నోట్లో తడి లేక మాట రాలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. నోట్లో తడి లేనిది ఆమెకు కూడా.

గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద జీవిత ఈ వైపుకు తిరిగి పడుకుని ఉంది. కళ్ళు మూసుకోలేదు. డాక్టరమ్మను చూడటం లేదు, జులేఖా బీని చూడటం లేదు. నన్ను చూస్తోంది. నర్సు వచ్చి తలుపు వేసింది.

పొద్దు మునిగింది. రెహమాన్ నీళ్ళ సీసా, రెండు అరటిపండ్లు తెచ్చాడు. జులేఖా బీ బెంచీ చివర కూర్చుని, కళ్ళు మూసుకుని పెదాలు కదిపి, ఒక గుక్క తాగింది. సీసా నాకందించింది.

"నీ పొద్దు కూడా తీరె కదన్నా. తాగు."

తాగాను. సగం సీసా తాగాను. సిగ్గు దప్పికను ఆపలేదు.

ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత. ఏడ్చిన చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. గాజు పెట్టెలో పెట్టారు.

మర్నాడు డాక్టరమ్మ కోసం మెట్ల దగ్గర కాచుకుని నిలబడ్డాను.

"అమ్మా, నిన్న మీరు తిట్టింది ఆ సాయిబులామెను కాదు. నన్ను. ఆమె అన్నం పెట్టింది. నీళ్ళు వద్దన్నది నేను."

ఆమె గడియారం చూసుకుంది. "ఏ కేసు మీది?"

"గాజు పెట్టెలో..."

"ఆ పాపా? ఈ రోజు కొంచెం నయం. నర్సును కలవండి."

మెట్లెక్కి పోయింది. ఆమెకు నిన్నటి తిట్లు గుర్తు కూడా లేవు. వరండాలో విన్నవాళ్ళంతా ఇండ్లకు పోయి ఉంటారు. వాళ్ళను ఏ ఊర్లో వెతికి చెప్పాలి?

ఆ మధ్యాహ్నం నతానియేలు ఫోను చేశాడు. జీవిత దిండుకు ఆనుకుని కూర్చుంది. జులేఖా బీ ఆమె జడ వేస్తోంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

"అంత ఎండలో నీళ్ళు తాగకుండా ఎట్లుంటివి జీవితా?" అన్నాడు నతానియేలు. "ఈడ ముసలాయన కూడా అడుగుతాండాడు. ఆ పిల్లకు ఎవరు చెప్పినారు, అట్ల చెప్పే దేవుడు యాడుండాడు అని. ఎవరు చెప్పినారు నీకు?"

జీవిత ఫోను పట్టుకుని నా వైపు చూసింది. జులేఖా బీ చేతిలో జడ ఆగింది.

"నేనే నీళ్ళిచ్చేది మర్సిపోయి..." అని జులేఖా బీ మొదలుపెట్టింది. ఇంకోసారి నా బదులు తిట్లు తినడానికి.

అప్పుడు కదిలాను. పోయి ఫోను అందుకున్నాను.

"నేను చెప్పినా అల్లుడూ. వద్దనింది నేను. కుండ బోర్లించింది నేను. ఈయమ్మ అన్నం పెడతాంటే గోడ పూడ్సింది నేను."

అటు వెనకాల ముసలాయన వాళ్ళ భాషలో ఏదో అడుగుతున్నాడు.

"ఫోను జీవితకియ్యి మామా" అన్నాడు నతానియేలు.

ఇచ్చాను. వరండాలోకి వచ్చాను. లోపల వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదు.

రంజాను పండగ ఆ నర్సింగ్‌హోములోనే గడిచింది. సాహెబ్ కొత్త లుంగీతో, క్యారియరు నిండా సేమ్యాతో వచ్చాడు. నర్సులకు, ఆయాలకు పంచాడు. నా చేతిలో కూడా ఒక గిన్నె పెట్టాడు. ఒక్కపొద్దుల గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

పాప పాలు పట్టడం నేర్చుకున్నాక ఇంటికి పొమ్మన్నారు. రెహమాన్ ఆటో రెండిండ్లకూ నడుమ ఆపాడు. నేను ముందే దిగి మా తలుపు తాళం తీసి, బారుగా తెరిచి పెట్టాను. ముందు రోజే వచ్చి, చీపురు పెట్టి ఊడ్చి, మంచం వాల్చి, కొత్త దుప్పటి పరిచి పోయి ఉన్నాను. జీవిత దిగింది. పాపను పొత్తిళ్ళలో సరిచేసుకుంది. మా తలుపు వైపు ఒకసారి చూసి, జులేఖా బీ వెనకాల వాళ్ళింట్లోకి నడిచింది. జులేఖా బీ గడపలో ఆగి, ఎర్రనీళ్ళతో దిష్టి తీసి వీధిలో పోసింది. నా మొహం చూడలేక తల దించుకుంది. తానే తప్పు చేసినట్టు.

ఈస్టరు ఆరాధన అయ్యాక, తెల్లచొక్కాతోనే వాళ్ళ వాకిట్లోకి పోయి నిలబడ్డాను.

"రా అన్నా, లోపలికి రా. అట్ల నిలబడేదేంది" అంది జులేఖా బీ. కుర్చీ జరిపింది.

జీవిత చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పాప ఒడిలో ఉంది. నేను కుర్చీ అంచున కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. పాప బాగుందా అంటే బాగుందంది. పాలు తాగుతోందా అంటే తాగుతోందంది.

"ఇయ్యమ్మా, తాత ఎత్తుకుంటాడు" అంది జులేఖా బీ.

"వద్దులే అత్తా. నిద్రపోతాండాది" అంది జీవిత.

నేను కూర్చున్న చోటికి పాప మొహం కనిపిస్తోంది. కళ్ళు రెండూ తెరుచుకుని, తిరిగే ఫ్యానును చూస్తోంది.

"పోనీలే, నిద్రపోనీ" అన్నాను.